మేక మూతి దాటేదాకా

ఆ అడవిలో చెట్లున్నాయి గానీ చెట్ల పిల్లలు లేవు. ఎటు చూసినా ముసలి చెట్లే. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందని మొదళ్ళు, లోపలంతా డొల్ల, పైన నాలుగు పచ్చని కొమ్మలు. ఏటా గాలికి రెండో మూడో ఒరిగేవి. ఒరిగినచోట కొత్తది లేచేది కాదు. వీధి పొడుగునా తాతలూ అవ్వలే ఉండి, ఒక్క ఇంట్లోనూ ఉయ్యాల లేకపోతే ఆ వీధి ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? ఆ అడవి పనీ అలాగే ఉంది.

కాయలు రాలక కాదు. రాలేవి, మొలిచేవి, రెండాకులు వేసి తలెత్తేవి. అంతలో మేక మూతి వచ్చేది. ఎత్తిన తల కొరికేసి మేక తన దారిన తాను పోయేది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు, దాని పుట్టుకే అంత.

ఆ అడవికి కాపలా ఒక ఆడమనిషి. యాభై దాటి చాలాకాలమైంది. అసలు పేరేదో ఉంది, జీతమిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ ముళ్ళక్క అంటారు. ఎందుకంటే ఆవిడ పొద్దస్తమానం చేసే పని ముళ్ళకంపలు నరకడం, ఈడవడం, మొక్కల మీద కప్పడం. రెండు చేతులూ మోచేతుల దాకా గీతలే. "ఏంటక్కా, పిల్లిని పెంచుతున్నావా?" అని టీకొట్టు దగ్గర మగాళ్ళు ఆటపట్టిస్తే, "నిన్ను పెంచినామె కంటే నయంలే" అని వాయించేది. ఆవిడ నోటికి అందరికీ భయమే.

ఈ ముళ్ళ సంగతి ఆవిడకి నేర్పింది రేంజరు. అంతకుముందు అటవీ ఆఫీసువాళ్ళు నర్సరీ మొక్కలు తెచ్చి నాటారు, ఎండకి మాడిపోయాయి. తీగ కంచె వేశారు, వారం తిరక్కుండా ఆ తీగ ఎవరెవరి కోళ్ళగూళ్ళకో చేరింది. అప్పుడు ఈ రేంజరు వచ్చాడు. ఒకరోజు ఆవిణ్ణి అడవిలోకి తీసుకెళ్ళి, జానెడు మొక్కనొకదాన్ని మట్టి తవ్వి చూపించాడు. పైన జానెడే గానీ కింద వేరు చెయ్యంత లావుంది.

"ఇది ఈ ఏడు మొలిచింది కాదమ్మా. ఎన్నో ఏళ్ళది. చిగురు వేసినప్పుడల్లా మేక కొరికేస్తోంది, ఇది కింద వేరు లావెక్కించుకుంటూ కూర్చుంది. కొత్తగా నాటక్కర్లేదు. ఉన్నవాటి మీద ముళ్ళు కప్పు. మేక ముందుకాళ్ళెత్తి నిలబడినా అందనంత ఎత్తు పెరిగేదాకా కాపాడు. ఆ తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి."

ఆ మాట ఆవిడకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నేళ్ళూ తన కాళ్ళ కింద ఇంత అడవి నోరు మూసుకుని కూర్చుందా అనుకుంది. వాగు పక్కనున్న చదునులో అలాంటి మరుగుజ్జు మొక్కలు ఎక్కువ. అక్కడ మొదలుపెట్టింది.

ఇక తంటా ఎక్కడొచ్చిందంటే, ఆ అడవిలో మేసే మందల్లో ఒకటి ఆవిడ సొంత తమ్ముడిదే.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. పాత కలప అడితి వెనక రెండు గదులు. ముందుగది ఆవిడది, వెనకగది తమ్ముడిది. ఆవిడ మొగుడు పోయాక వచ్చి తమ్ముడి దగ్గర చేరింది, అంతే, ఇక కదల్లేదు. వెనకగది కిటికీ తెరిస్తే మేకల దొడ్డి. ఆ కిటికీకి రెక్క లేదు, మేక మూతులు గీరుకుని గీరుకుని గట్టు నున్నగా అయింది. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఇన్ని ఆడమేకలతో వేగలేక చస్తుంటే ఇంకొకతె కూడానా?" అనేవాడు. మందలో అన్నిటికంటే ముసలిది ముందు నడిచేది. దానికి పెద్దమ్మ అని పేరు. మెడలో గంట దానికొక్కదానికే. పొద్దున్నే కిటికీలోంచి తల లోపలికి పెట్టి తమ్ముణ్ణి లేపేది. అతను కళ్ళు తెరవకుండానే దాని మూతి నిమిరి, "ఆఁ ఆఁ, వస్తున్నా" అనేవాడు.

"ఊళ్ళో మందలన్నిటినీ తరిమి నీదొక్కటీ వదిలేస్తే జనం నా మొహాన ఉమ్మేస్తారు. వాగు చదునులోకి రాకు" అంది అక్క.

"మేకకి నీ చదును తెలుస్తుందా, నా మిట్ట తెలుస్తుందా? నువ్వే రాసి మెడలో కట్టు" అన్నాడు తమ్ముడు.

నెల రోజులు మాటల్లేవు. ఒకే కుండలో వండుకుని, ఎడమొహం పెడమొహంగా తిన్నారు. చివరికి తమ్ముడే దిగొచ్చాడు. అక్క మాట కాదని గెలిచిన రోజు అతని జన్మలో లేదు.

అతనేం చేశాడంటే, మేకలకి ముళ్ళంటే భయం పెట్టాడు. నవ్వకండి, నిజమే. ముళ్ళకంప దగ్గరికి ఏ మేకైనా మూతి పెడితే ఒక రకం ఈల వేసేవాడు, వెంటనే మట్టిబెడ్డ వెళ్ళి దాని ముక్కు మీద తగిలేది. ఈల, బెడ్డ. ఈల, బెడ్డ. ముందు పెద్దమ్మ నేర్చుకుంది. దాన్ని చూసి మిగతావి. తల్లుల్ని చూసి పిల్లలు. రెండేళ్ళు తిరిగేసరికి ముళ్ళకుప్ప కనబడితే చాలు, ఆ మంద దయ్యాన్ని చూసినట్టు పక్కకి తిరిగి పోయేది. మేకంటే ఆకు కనబడితే ఆగని జాతి. దాన్ని అలా తిప్పాడంటే ఆ మనిషి ఓపికకి దణ్ణం పెట్టాలి.

మొక్కలు లేచాయి. అబ్బో, ఏం లేవడం! దాచుకున్న వేరు బలమంతా ఒక్కసారి పైకి తన్నినట్టు. మోకాలు దాటాయి, నడుం దాటాయి. ముళ్ళు చాలక అక్క కొత్తవి తెచ్చి పైన పేర్చేది. తమ్ముడు మొదట్లో ఎగతాళి చేశాడు గానీ, పోనుపోను అతనే ఒక్కో మొక్క పక్కన నిలబడి ఎత్తు చూసుకునేవాడు. "ఇదిగో, నా రొమ్ముదాకా వచ్చింది" అని టీకొట్టులో చెప్పుకునేవాడు. అది అక్క చెవిన పడలేదు. తమ్ముడు తన పోరు పడలేక ఊరుకున్నాడనే అనుకుందావిడ.

ఇంకొక్క రెండేళ్ళు. అప్పటికి మేక మూతి దాటిపోతాయి.

ఆ రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి.

మొదటి ఏడు గడ్డి పసుపు రంగుకి తిరిగింది. రెండో ఏడు గడ్డన్నదే లేదు, నేల గచ్చులా బిగుసుకుపోయింది. మిగతా మందలవాళ్ళు కొందరు అమ్ముకున్నారు, కొందరు లారీలకెక్కించి ఎటో తోలుకుపోయారు. తమ్ముడు కదల్లేదు. మేకలన్నీ చూలుతోనో పాలతోనో ఉన్నాయి, దారిలోనే పోతాయని అతని భయం. దొడ్లో పిల్లలు లేచి నిలబడి చన్ను అందుకోలేక పడిపోయేవి. అడవి మొత్తంలో నేలకి దగ్గరగా పచ్చగా ఉన్నది ఒక్కటే చోటు, వాగు చదును.

ఒక సాయంత్రం తమ్ముడు గుమ్మంలో కూర్చుని, తల పైకెత్తకుండా అడిగాడు. "అక్కా, ఒక్క వారం. సగం ముళ్ళు తియ్యి చాలు. చూడలేకపోతున్నా."

ఆవిడ తింటున్న కంచం పక్కకి జరిపింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ మేకలు తమ్ముడి ప్రాణం, ఆ మొక్కలు తన ప్రాణం. ఆలోచించి ఆలోచించి మధ్యేమార్గమని ఒక మాట అంది. ఆ మాట తర్వాత ఆవిణ్ణి ఎంత కాల్చిందో ఆవిడకే తెలుసు.

"కింద వద్దు. పైన కొట్టుకో. పెద్దచెట్లెక్కి ఆకుకొమ్మలు దించు. ఆఫీసులో నేను చెప్పుకుంటాలే."

"ఈ వయసులోనా?"

"చిన్నప్పుడు నిన్ను దించలేక అమ్మ కర్ర పట్టుకునేది. ఇప్పుడేం మాయరోగం?"

అతను నవ్వాడు. మర్నాటి నుంచే ఎక్కాడు.

ఏ చెట్టెక్కాలో అక్కే చెప్పేది. కత్తి వెనక్కి తిప్పి మొదలు మీద కొట్టి, చెవి ఆనించి వినేది. డబడబమంటే డొల్ల, వద్దనేది. టక్కుమంటే గట్టిది, ఎక్కమనేది. అతను పైన కత్తి వేసేవాడు, కొమ్మ కిందపడేది, ఆ చప్పుడికి మేకలు పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగేవి. కొద్దిరోజుల్లో వాటికి అదీ అలవాటైపోయింది. పొద్దున్నే చెట్టు కింద నిలబడి, తలలు పైకెత్తి ఎదురుచూసేవి. ముదురాకు, తోలులా గట్టిది, అయినా ఆకే కదా. మేకలు ప్రాణం పోసుకున్నాయి. చదునులో ముళ్ళకుప్పలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అటూ ఇటూ కూడా గెలిచానని అక్క లోలోపల మురిసిపోయింది.

ఆ రోజు చెట్టు కూడా టక్కుమనే అంది. మొదలు ఉక్కే. తమ్ముడు కాలుపెట్టిన కొమ్మకి నిండా పచ్చని ఆకు. పచ్చగా ఉన్న కొమ్మ విరుగుతుందని ఎవరనుకుంటారు? కానీ కరువులో ముసలి చెట్టు గాలీ వానా లేకుండానే పచ్చి కొమ్మని వదిలేస్తుంది. నీళ్ళు పైదాకా లాగలేక. రేంజరు ఎప్పుడో చెప్పాడు కూడా, కొమ్మల కింద నిలబడకండి అని. కింద నిలబడకూడదన్నది గుర్తుంది గానీ, పైన నిలబడకూడదని ఆవిడకి తట్టలేదు.

అక్క కాస్త దూరంలో కంప ఈడుస్తోంది. కత్తి దెబ్బలు వినబడుతున్నాయి. తర్వాత ఫెళ్ళుమని పెద్ద చప్పుడు. వెంటనే పెద్దమ్మ గంట, దాని వెనక మేకల పరుగు. రోజూ ఉండేదే కదా, ఇవాళ పెద్ద కొమ్మే దించాడు అనుకుని కంప ఇంకో నాలుగడుగులు ఈడ్చింది. అప్పుడు ఈల వినబడింది. సన్నగా, ఊపిరి చాలని ఈల.

వెళ్ళి చూస్తే, కొమ్మ కింద తమ్ముడు. చుట్టూ మేకలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, అతని భుజం మీదుగా, ముఖం మీదుగా ఆకు తెంపుకుని తింటున్నాయి. అతని చొక్కా మీద కాలేసి మరీ తింటున్నాయి. అతను వాటిని తరమడానికి ఈల వేస్తున్నాడు. కొమ్మ కింద ఇరుక్కున్న చెయ్యి మాత్రం లేవడం లేదు.

ఆవిడ కర్ర తీసుకుని మేకల్ని చచ్చేట్టు బాదింది. "వద్దక్కా, కొట్టకు" అన్నాడు తమ్ముడు. "వాటికేం తెలుసు."

ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి, ఎక్సరే పటాలు తీసి, డాక్టరు పెన్సిలు మొనతో నడుం దగ్గర ఎముక చూపించాడు. ఇక్కడి నుంచి కిందకి ఇక కదలిక లేదమ్మా, అన్నాడు. ఇంటికి తెచ్చి వెనకగదిలో మంచం కిటికీ పక్కకి జరిపింది. మూత్రానికి గొట్టం, వీపున పుళ్ళు పడకుండా పూటపూటా ఇటు తిప్పడం, అటు తిప్పడం. పసిపిల్లాడప్పుడు తనే ఎత్తుకుని తిప్పిన ఒళ్ళు. ఇప్పుడు సగం బతికి, సగం కట్టెలా ఉంది.

మేకల సంగతి ఎవరు చూస్తారు? ఆవిడ ఎక్కాలని చూసింది. మోకాళ్ళు సహకరించలేదు, మనిషెత్తు ఎక్కి చెట్టుని కరుచుకుని, జారుతూ దిగింది. దోటితో అందిన ఆకు లాగితే అది మందకి ఏ మూలకీ రాలేదు. దొడ్లో అరుపులు మొదలయ్యాయి. ఆకలి అరుపు వేరు, దాహం అరుపు వేరు, పిల్ల చచ్చిన తల్లి అరుపు వేరు. ఆవిడకి అన్నీ ఒకటే. మంచం మీదున్నవాడికి మాత్రం ఒక్కొక్కటీ వేరే.

"చెవిటిదాని పిల్ల పోయిందా?" అని అడిగేవాడు. చెవులు సరిగ్గా వినబడని ఒక మేకకి అతను పెట్టుకున్న పేరది.

"లేదు, పడుకుంది."

"పోయిందక్కా. తల్లి అరుపు అదే."

కసాయిని పిలిచింది. అతను దొడ్డి గోడ మీదుగా ఒక్క చూపు చూసి, "తోలూ ఎముకా నేను కొననమ్మా" అని వెళ్ళిపోయాడు.

తమ్ముడు తిండి మానేశాడు. గంజి నోటి దగ్గర పెడితే తల పక్కకి తిప్పుకునేవాడు. "అవి అలా అరుస్తుంటే నాకెలా దిగుతుంది?" ఓ మధ్యాహ్నం ఆవిడ పక్కగుడ్డలు మారుస్తుంటే, పైకప్పు చూస్తూ అన్నాడు. "పోనీలే, నీ మొక్కలు బాగున్నాయిగా."

ఆ మాట ఆవిడ గుండెలో బాణంలా దిగింది. ఎత్తిపొడిచాడు అనుకుంది. నా నడుం విరిచి నీ మొక్కలు కాపాడుకున్నావు అంటున్నాడు అనుకుంది. అననీ, అనడానికి హక్కుంది, అనుకుంది. ఇంకేమన్నా అంటాడేమోనని అతని మొహం చూడకుండా గుడ్డలు తీసుకుని బయటికి వచ్చేసింది. ఒక్కసారి చూసుంటే!

మర్నాడు పొద్దున్నే దొడ్డి తలుపు తీసి, మందని వాగు చదునుకి తోలుకెళ్ళింది. మిగిలినవి సగమే. నడవలేని రెండు పిల్లల్ని చంకలో పెట్టుకుంది.

చదునులో మొక్కలు ఆవిడ భుజం దాటాయి. నాలుగు చుక్కల నీళ్ళు ఎక్కడ దొరికాయో, ఆ వేళ్ళకే తెలియాలి. కొసల్లో లేతాకు ఎర్రగా మెరుస్తోంది. ఆవిడ ఆలోచించడానికి ఆగలేదు. ఆగితే చెయ్యలేనని తెలుసు. మొదటి కుప్ప కాలితో తన్నింది, ముళ్ళు లాగి అవతల పడేసింది. రెండోది, మూడోది. పేర్చడానికి ఏళ్ళు పట్టినవి తియ్యడానికి ఒక్క పూట పట్టింది. చేతులు నెత్తురు కారాయి. ఆ చదునంతా బట్టలు విప్పిన మనిషిలా నిలబడింది.

"తినండి" అంది. "తిని చావండి."

మేకలు తినలేదు.

ముళ్ళు తీసేసినా ఆ చోటు వాటికి తెలుసు. పెద్దమ్మ మొక్కల వంక ఒకసారి చూసి, ముక్కు మీద బెడ్డ పడుతుందన్నట్టు తల పక్కకి తిప్పుకుంది. దాన్ని చూసి మిగతావన్నీ తిప్పుకున్నాయి. మెల్లిగా నడుచుకుంటూ చదును దాటి, మిట్టెక్కి, తమ్ముడు పడిన చెట్టు కిందకి వెళ్ళాయి. అక్కడ గుంపుగా నిలబడి, తలలు పైకెత్తి చూడడం మొదలుపెట్టాయి. పైన ఎవరూ లేరు.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఆస్పత్రిలో ఏడవలేదు, ఇంట్లో ఏడవలేదు, అక్కడ కూలబడి నోరు తెరిచి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, లేచి వెనక్కి చదునుకి వచ్చింది. అన్నిటికంటే ఏపుగా ఉన్న మొక్క ముందు నిలబడింది. దాని తల వంచి, కొసని రెండు చేతులా పట్టుకుని విరిచింది. పచ్చి కొమ్మ ఒక పట్టాన తెగలేదు. మెలిపెట్టి మెలిపెట్టి తెంపింది.

తీసుకెళ్ళి పెద్దమ్మ మూతికి ఆనించింది. అది వెనక్కి అడుగేసింది. ఆవిడ దాని కొమ్ము పట్టుకుని, పళ్ళ మధ్య ఆకు కుక్కింది. "తినవే, నా తల్లీ. నేనే పెడుతున్నా, తిను." మేక ఒకసారి నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

ఆ తర్వాత ఆపడానికి ఎవరి తరమూ కాలేదు. గంట మోగుతూ పెద్దమ్మ చదునులోకి దిగింది, వెనక మందంతా దిగింది. ముందుకాళ్ళు మొక్క మీద వేసి వంచి, కొస నుంచి మొదలు దాకా దూసి తిన్నాయి. అందనివాటిని ఆవిడే వంచి పట్టుకుంది. నడవలేని పిల్లల నోట్లో ఆకు చిదిమి పెట్టింది. పొద్దు వాలేసరికి చదునులో పుల్లలు మిగిలాయి.

ఇంటికి తోలుకొచ్చాక దొడ్లో అరుపుల్లేవు. నెమరు చప్పుడు తప్ప ఏదీ లేదు. ఆవిడ చేతులు కడుక్కుని, గంజి కలిపి వెనకగదిలోకి వెళ్ళింది.

తమ్ముడు కళ్ళు విప్పార్చుకుని ఉన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో మొహంలో కళ ఉంది. "కడుపునిండా తిన్నాయి కదూ! నెమరు విన్నావా? ఎక్కడ దొరికింది మేత?"

"దొరికిందిలే. వాగవతల. నువ్వు ముందు ఇది తాగు."

తాగాడు. సగం గిన్నె తాగాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చాలు, ఇది చాలు, అనుకుంది.

అంతలో కిటికీలోంచి పెద్దమ్మ తల లోపలికి పెట్టింది. తమ్ముడు నవ్వుతూ చెయ్యి చాపి దాని మూతి నిమిరాడు. ఆ చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్ళీ దాని మూతి దగ్గర పెట్టి, మళ్ళీ వాసన చూశాడు. నవ్వు అలాగే ఉండి ఉండి, మెల్లిగా పోయింది.

"ఇది ముదురాకు కాదక్కా."

ఆవిడ గిన్నె వైపు చూస్తూ కూర్చుంది.

"ముళ్ళు తీశావా?"

"తీశాను."

"అన్నీనా?"

"నువ్వు తినడం లేదు కదరా. చచ్చిపోతావనిపించింది. నువ్వన్న మాట..."

"ఏమన్నాను?"

"నీ మొక్కలు బాగున్నాయిగా అన్నావు."

"బాగున్నాయనే అన్నాను" అన్నాడు తమ్ముడు. "అవొక్కటైనా బాగున్నాయని, రోజంతా అదే తలుచుకుంటూ పడుకున్నాను. ఈ మాటు వానకి మేక మూతి దాటేస్తాయి కదా అని."

"వేళ్ళున్నాయి తమ్ముడూ. రేంజరు చెప్పాడుగా. వేరుంటే మళ్ళీ వేస్తుంది" అంది. అంటూనే ఆ నేల గుర్తొచ్చింది, చినుకు చూడని ఆ గచ్చు నేల.

మేక తల ఇంకా కిటికీలోనే ఉంది, తృప్తిగా దవడలాడిస్తోంది. తమ్ముడు దాని మెడ కింద చెయ్యి పెట్టి, తన కాళ్ళ వైపు, దుప్పటి కింద కదలని ఆ రెంటి వైపు చూసుకున్నాడు.

"మరి నేనెందుకు పడ్డట్టు, అక్కా?"